ఫార్మాట్ వేరు, రీసెట్ వేరు

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ, ఇంజనీరింగ్ అడ్మిషన్ల రోజులు వచ్చాయంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో కంప్యూటర్ దుకాణాల కౌంటర్ల మీద పాత లాప్‌టాప్‌లు పేరుకుంటాయి. అక్క చదువు అయిపోయింది, తమ్ముడికి ఇవ్వాలని ఒకరు. అమ్మేద్దామని ఒకరు. సతాయిస్తోంది, ఆన్ కావడానికే పది నిమిషాలు పడుతోందని ఇంకొకరు. ముగ్గురూ అనేది ఒక్కటే మాట: "ఫార్మాట్ కొట్టండి." వాళ్లకు కావలసిన పని మాత్రం ఒకటి కాదు. పైగా ఆ ఫార్మాట్‌తో లాప్‌టాప్ కొన్నప్పటి స్థితికి రాదు సరికదా, చాలాసార్లు మళ్లీ అంత తేలిగ్గా రాకుండా పోతుంది. ఎందుకో, దానికి బదులు విండోస్‌లోనే ఉన్న రీసెట్‌ను ఎలా వాడుకోవాలో పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

కౌంటర్ వెనక జరిగేది ఇది. పెన్‌డ్రైవ్ గుచ్చి లాప్‌టాప్‌ను దాని మీంచి లేపుతారు. కాసేపటికి డిస్క్‌లోని భాగాల పట్టిక తెర మీదికి వస్తుంది. మొదట 100 ఎంబీదో 260 ఎంబీదో ఒక చిన్న ముక్క, తర్వాత 16 ఎంబీ ముక్క, ఆ కింద పెద్దది సీ డ్రైవ్, చివర రికవరీ పేరుతో ఒకటో రెండో. చేయి తిరిగినవాళ్లు పైనుంచి కింది దాకా ఒక్కొక్కటీ డిలీట్ కొడుతూ పోతారు. చివరికి "అన్‌అలొకేటెడ్ స్పేస్" అనే ఒక్క వరుస మిగులుతుంది. దాని మీద కొత్త విండోస్ ఎక్కిస్తారు. లాప్‌టాప్ తళతళలాడుతూ లేస్తుంది, చూసేవాళ్లకు బాగానే ఉంటుంది. కానీ ఇల్లు కడగమంటే గోడకున్న కరెంటు మీటరు కూడా పీకి బయట పడేసినట్టు, కొన్నప్పటి స్థితిని తిరిగి తెచ్చుకోవడానికి కంపెనీవాళ్లు పెట్టిన రికవరీ భాగం కూడా అందులో కొట్టుకుపోయింది. డిలీట్ చేయవలసింది పెద్దదైన సీ ఒక్కటే. మిగతా వాటి జోలికి పోనక్కర్లేదు.

రెండో నష్టం లైసెన్స్. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో పాటు అమ్మే లాప్‌టాప్‌లకు లైసెన్స్ కీ మదర్‌బోర్డు మీదున్న చిప్‌లోనే ఉంటుంది. అందుకే వాటి అడుగున విండోస్ 7 కాలంలో లాగ పాతిక అక్షరాల స్టిక్కర్ ఉండదు. డిస్క్ మార్చినా, తుడిచినా, అదే ఎడిషన్ విండోస్ వేసి నెట్‌కు కలిపితే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. మన దగ్గర అమ్ముడుపోయే లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం "హోమ్ సింగిల్ లాంగ్వేజ్" ఎడిషన్‌తో వస్తాయి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ప్రో అని దాన్నే వేస్తే చిప్‌లోని హోమ్ కీ దానికి పనికిరాదు. అప్పుడు క్రాక్ కొడతారు, అంటే లైసెన్స్ ఉన్నట్టు విండోస్‌ను నమ్మించే దొంగ సాఫ్ట్‌వేర్ వేస్తారు. డబ్బు పెట్టి కొన్న లైసెన్స్ లోపల ఉండగానే దాని మీద దొంగ విండోస్ కూర్చుంటుందన్నమాట. క్రాక్ పనిచేయాలంటే చాలాసార్లు వైరస్‌లను అడ్డుకునే విండోస్ డిఫెండర్‌ను ఆపాలి, ఆపినదాన్ని మళ్లీ ఎవరూ ఆన్ చేయరు. మీ లాప్‌టాప్ సంగతి చూసుకోవాలంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్ (విండోస్ 10లో అయితే "అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ"), అందులో యాక్టివేషన్ తెరవండి. "డిజిటల్ లైసెన్స్" అని ఉంటే మంచిదే. ఇంట్లో వాడుకునే సొంత లాప్‌టాప్‌లో "మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్" అనే మాట కనిపిస్తే అది క్రాక్ అనుకోవచ్చు. పెద్ద ఆఫీసులు వందల కంప్యూటర్లకు వాడుకునే 180 రోజుల పద్ధతి అది, మీ ఇంటికి రావలసిన పని లేదు.

ఇప్పుడు రీసెట్ సంగతి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అందులో "రీసెట్ దిస్ పీసీ". విండోస్ 10లో ఇదే బొమ్మ "అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ" కింద ఉంటుంది. దీనికి పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, దుకాణం అక్కర్లేదు. నొక్కడం రెండు నిమిషాల పని. నొక్కే ముందు చేసుకోవలసిన పనికే ఒక పూట పడుతుంది, నష్టపోయేవాళ్లంతా నష్టపోయేదీ అక్కడే.

ఫొటోలు, డాక్యుమెంట్లు ఎవరైనా కాపీ చేసుకుంటారు. మర్చిపోయేవి వేరే ఉంటాయి. వ్యాపార లెక్కలు రాసే ట్యాలీ ప్రైమ్ సాఫ్ట్‌వేర్ డేటా డెస్క్‌టాప్ మీద ఉండదు. మార్చకపోతే సీ డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, ట్యాలీప్రైమ్, డేటా అనే ఫోల్డర్‌లో ఉంటుంది, లోపల కంపెనీకొక నంబరు ఫోల్డర్. దాన్ని యథాతథంగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు ఎత్తాలి. ట్యాలీ లైసెన్స్‌ను రీసెట్‌కు ముందే "సరెండర్" చేస్తే తర్వాత తిరిగి తెచ్చుకోవడం తేలిక. మీసేవ సెంటర్లవాళ్లు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గురించి భయపడతారు కానీ సర్టిఫికెట్ ఉండేది ఆ యూఎస్‌బీ టోకెన్‌లో, లాప్‌టాప్‌లో కాదు. రీసెట్ తర్వాత టోకెన్ డ్రైవర్ మళ్లీ వేసుకుంటే చాలు. వేసేటప్పుడు "ఇనిషియలైజ్" అని కనిపిస్తే మాత్రం వేలు పెట్టకూడదు, అది నొక్కితే సర్టిఫికెట్ తుడిచిపెట్టుకుపోతుంది. వేలిముద్రల పరికరానికి డ్రైవర్‌తో పాటు ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా మళ్లీ వేయాలి. డ్రైవర్ ఒక్కటే వేసి పరికరం చెడిపోయిందనుకునేవాళ్లు చాలామంది.

డీటీపీ చేసేవాళ్లకు ఒక మాట. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన పెళ్లి పత్రికలు, కరపత్రాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు. ఆ ఫైళ్లలో నిజానికి ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లే. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. రీసెట్ అయ్యాక ఫైల్ తెరిస్తే "శుభలేఖ" ఉండాల్సిన చోట డాలరు గుర్తులూ కామాలూ అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. ఫైల్ పాడైందని గాబరా పడొద్దు. అవే ఫాంట్లు తిరిగి వేస్తే అక్షరాలు వాటి చోటికి వస్తాయి. అందుకే సీ డ్రైవ్‌లో విండోస్ కింద ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ నుంచి అను ఫాంట్లన్నీ ముందే వేరే చోటికి కాపీ చేసుకోవాలి. అను సాఫ్ట్‌వేర్ సెటప్ మీ దగ్గర ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి. తర్వాత నెట్‌లో దొరుకుతుందిలే అనుకుంటే వైరస్‌తో కలిపి దొరుకుతుంది.

కాపీ చేశాక ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. వన్‌డ్రైవ్ వాడేవాళ్లయితే ఫైల్ పక్కన మేఘం గుర్తు ఉన్నది లాప్‌టాప్‌లో లేదని, నెట్‌లో మాత్రమే ఉందని అర్థం. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండాక కొత్త ఫైళ్లు పైకి ఎక్కడం ఆగిపోతుంది.

మైక్రోసాఫ్ట్ అకౌంటు సంగతి అన్నిటికన్నా తీవ్రం. కొన్న రోజు షోరూమ్‌లో అబ్బాయి గబగబా ఒక మెయిల్ ఐడీ తయారుచేసి లాప్‌టాప్ తెరిచి ఇస్తాడు. ఆ రోజు నుంచి నాలుగంకెల పిన్‌తోనే లోపలికి వెళ్తుంటాం. ఆ మెయిల్ ఏమిటో, పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. రీసెట్ అయ్యాక పిన్ ఉండదు. లాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆఫీస్, అంటే వర్డ్, ఎక్సెల్, ఆ మెయిల్‌కే కట్టి ఉంటుంది. మెయిల్ పోతే అది కూడా పోయినట్టే. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి ఏ మెయిల్ ఉందో చూసి, పాస్‌వర్డ్ రీసెట్ చేసుకుని, అందులో మీ ఫోన్ నంబర్ చేర్చాకే ముందుకు వెళ్లండి.

ఆ అకౌంటులోనే ఇంకో తాళంచెవి ఉంది: బిట్‌లాకర్ రికవరీ కీ. కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లోపలికి వెళ్లగానే డిస్క్ దానంతట అదే తాళం వేసుకుంటుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మరీ ఎక్కువ యంత్రాల్లో ఇలా జరుగుతోంది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రీసెట్ కోసం రికవరీ తెరలోకి వెళ్లినప్పుడో, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఏదైనా మార్చినప్పుడో నీలం తెర వచ్చి 48 అంకెలు అడుగుతుంది, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. అదే తెర మీద కీ ఐడీ అని కొన్ని అక్షరాలు ఉంటాయి. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ కింద మీ లాప్‌టాప్ ఎంచుకుంటే కీలు కనిపిస్తాయి. రెండు మూడు ఉంటే తెర మీది ఐడీతో మొదటి ఎనిమిది అక్షరాలు కలిసేదే మీది. దాన్ని ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. కీ లేకపోతే లోపలి ఫైళ్లను ఏ దుకాణమూ తీయలేదు. తీస్తామని అడ్వాన్సు అడిగేవాళ్ల దగ్గర లేచి వచ్చేయండి.

ఇవన్నీ అయ్యాక విండోస్ అప్‌డేట్ ఒకసారి పూర్తిగా నడిపించండి. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. 2025 ఆగస్టు 12న వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత విండోస్ 10లోనూ, విండోస్ 11 పాత వెర్షన్లలోనూ రీసెట్టే మధ్యలో విఫలమయ్యేది. వారానికి, 19న సవరణ వచ్చింది. అదే ఏడు అక్టోబరు 14 అప్‌డేట్ తర్వాత విండోస్ 11 రికవరీ తెరలో యూఎస్‌బీ మౌస్, కీబోర్డు పనిచేయకుండా పోయాయి. 20న దాన్నీ సరిచేశారు. ఆ మధ్యలో అప్‌డేట్లు ఆగిపోయిన లాప్‌టాప్‌కు ఆ తప్పు ఇంకా అలాగే ఉంటుంది.

రీసెట్ నొక్కితే మొదట రెండు దారులు. "కీప్ మై ఫైల్స్" అంటే మీ యూజర్ ఫోల్డర్‌లోని ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి. ఏమేం పోయాయో ఒక జాబితా డెస్క్‌టాప్ మీద పెడుతుంది. "రిమూవ్ ఎవ్రీథింగ్" అంటే అంతా పోతుంది. తర్వాత "క్లౌడ్ డౌన్‌లోడ్", "లోకల్ రీఇన్‌స్టాల్". క్లౌడ్ అంటే సుమారు 4 జీబీ దించుకుంటుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ఫోన్ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెట్టి మొదలుపెడితే సగంలో డేటా అయిపోతుంది. కాబట్టి వైఫై కనెక్షన్ లేని ఊళ్లో లోకల్‌తోనే ప్రయత్నించండి. విండోస్ ఫైళ్లు పాడయ్యాయని అనుమానం ఉంటేనే క్లౌడ్. ఆ తర్వాత చిన్న అక్షరాల్లో "చేంజ్ సెట్టింగ్స్" ఉంటుంది, అందరూ దాటేసేది దాన్నే. అందులో "క్లీన్ డేటా", అంటే పాత ఫైళ్లు మళ్లీ దొరకకుండా డిస్క్ మీద తిరిగి రాసేది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. "అన్ని డ్రైవ్‌ల ఫైళ్లూ తీసేయాలా" అనేది కూడా ఆఫ్‌లోనే ఉంటుంది, దాన్ని పొరపాటున ఆన్ చేస్తే డీ డ్రైవ్‌లో దాచుకున్నవి కూడా పోతాయి. తమ్ముడికి ఇచ్చే లాప్‌టాప్‌కు క్లీన్ డేటా అక్కర్లేదు. అమ్మేదైతే ఆన్ చేసి తీరాలి. లేకపోతే కొన్నవాడు ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే మీ ఆధార్ కాపీలు, ఫొటోలు వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది.

ఎంత సేపు? ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) అయితే మామూలుగా గంట, గంటన్నర. పాత హార్డ్‌డిస్క్ అయితే మూడు నాలుగు గంటలు. దాని మీద క్లీన్ డేటా కూడా పెడితే 1 టీబీ డిస్క్‌ను సెకనుకు 100 ఎంబీ చొప్పున ఒక్కసారి రాయడానికే మూడు గంటల దగ్గర పడుతుంది, అదనంగా. మధ్యలో తెర నల్లబడుతుంది, రెండు మూడుసార్లు దానంతట అదే ఆఫ్ అయి లేస్తుంది, ఒకే శాతం దగ్గర అరగంట నిలబడుతుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకోవద్దు. పాత లాప్‌టాప్‌లో బ్యాటరీ చచ్చి, చార్జర్ పీకగానే ఆరిపోయేట్టుంటే దాన్ని ఇన్వర్టర్ లైనుకు పెట్టి మొదలుపెట్టండి. మే నెల గాలిదుమారం సాయంత్రాల్లో మాత్రం పెట్టుకోకండి. కరెంటు పోయి సగంలో ఆగితే విండోస్ అటూ ఇటూ కాకుండా పోతుంది.

విండోస్‌లోకే వెళ్లలేని స్థితి అయితే, లాగిన్ తెర మీద షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. అదీ రాకపోతే, లోగో తిరుగుతున్నప్పుడు పవర్ బటన్‌తో రెండు మూడుసార్లు ఆపితే రికవరీ తెర దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, రీసెట్. కంపెనీని బట్టి అడ్డదారి మీటలూ ఉన్నాయి. హెచ్‌పీకి ఆన్ చేయగానే ఎఫ్11. డెల్‌కు ఎఫ్12 నొక్కి సపోర్ట్ అసిస్ట్ రికవరీ. ఏసర్‌కు ఆల్ట్, ఎఫ్10 కలిపి. లెనోవోలో చాలా వాటికి పక్కన సూదిమొన పట్టేంత రంధ్రం ఉంటుంది, నోవో బటన్ అంటారు, లాప్‌టాప్ ఆఫ్‌లో ఉండగా సిమ్ పిన్నుతో నొక్కాలి.

"రికవరీ ఎన్విరాన్‌మెంట్ దొరకలేదు" అని వచ్చిందా, రికవరీ భాగాన్ని ఎప్పుడో ఎవరో డిలీట్ చేశారనుకోండి, లేదా రికవరీ ఆఫ్ అయి ఉందనుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఆర్-ఈ-ఏ-జీ-ఈ-ఎన్-టీ-సీ అని కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఇన్ఫో అని కొడితే స్థితి చెబుతుంది. డిజేబుల్డ్ అని ఉంటే అదే మాటకు స్లాష్ ఎనేబుల్ చేర్చి చూడండి. దానితో రాకపోతే పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ మళ్లీ వేయడమే దిక్కు. కనీసం 8 జీబీది తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తోనే చేయండి. ఇంటెల్ పదకొండో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా లాప్‌టాప్‌లలో ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది: డిస్క్ బాగానే ఉన్నా పట్టికలో ఒక్క డ్రైవ్ కూడా కనిపించదు. డిస్క్ పోయిందని కొత్తది అమ్మజూపితే ఒప్పుకోవద్దు. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో వేసి "లోడ్ డ్రైవర్" నొక్కితే డిస్క్ కనిపిస్తుంది. విండోస్ లేచాక వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, మిగతా డ్రైవర్లను అప్‌డేట్ తెచ్చుకుంటుంది.

ఇక మూడో మనిషి, స్లో అయిందని వచ్చినవాడు. అతనికి రీసెట్ మందు కాదనే మా అభిప్రాయం, కనీసం మొదటి మందు కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ కింద అంకె చూడండి. ఏమీ తెరవకుండానే 100 శాతం దగ్గర కూర్చుని ఉంటే, లోపల తిరిగే పాత హార్డ్‌డిస్క్ ఉంటే, దాన్ని ఎన్నిసార్లు కడిగినా వారానికి మళ్లీ అంతే. ఎస్‌ఎస్‌డీ వేయించాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో "కాషన్" అని పసుపు రంగు కనిపిస్తే డిస్క్ చావుకు దగ్గరైందని అర్థం, దాని మీద రీసెట్ మొదలుపెడితే ఏ 60 శాతం దగ్గరో ఆగి ఉన్నది కూడా పోతుంది. ముందు ఫైళ్లు తీసుకోండి. ఫ్యాన్ హోరెత్తి, ఒళ్లో పెట్టుకోలేనంత వేడెక్కితే ముందు లోపలి దుమ్ము దులిపించి థర్మల్ పేస్ట్ మార్పించాలి.

విండోస్ 10 లాప్‌టాప్‌ను రీసెట్ చేస్తే విండోస్ 10తోనే వస్తుంది. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్ ఉంటే 11కు మారడమే మేలు.

అమ్మేవాళ్లు రీసెట్ తర్వాత కూడా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోని డివైసెస్ జాబితా నుంచి ఆ లాప్‌టాప్‌ను తీసేయాలి. బయోస్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే రీసెట్‌తో అది పోదు, ముందే తీసి ఇవ్వాలి. కొనేవాళ్లు డబ్బిచ్చే ముందు అక్కడే ఆన్ చేయించి, పాత మనిషి మెయిల్ అడగకుండా మొదటి తెర దాటుతోందా లేదా చూసుకోవాలి.

దుకాణాల వాళ్లందరినీ తప్పుబట్టడం మా ఉద్దేశం కాదు. రోజుకు పది మిషన్లు చూసే చోట తొందర ఉంటుంది. కాబట్టి అడగాల్సింది మనమే. ఇచ్చేటప్పుడు "రికవరీ పార్టిషన్ ముట్టుకోవద్దు, ఉన్న ఎడిషనే వేయండి" అని చెప్పాలి. తీసుకునేటప్పుడు యాక్టివేషన్ పేజీ కళ్లెదుటే తెరిపించాలి. బిల్లు మీద మూడు మాటలు రాయించుకోవాలి: వేసిన విండోస్ ఎడిషన్, లైసెన్స్ లాప్‌టాప్‌దేనా కాదా, పాత డేటా ఉంచారా తీశారా. బిల్లు ఇవ్వం, చీటీ మీద రాసిస్తాం అంటే ఆ చీటీ మీదే ఇవి మూడూ రాయించుకుని కింద సంతకం పెట్టించుకోండి.

ఇట్లు,
లాప్‌టాప్ సర్వీసింగ్ పనివాళ్లు,
నల్లగొండ